భూస్థాపనలో "ఇది దేవుని తీర్పు" అన్నారు. నిజమేనా?

లంకతోట
మా తమ్ముడు పోయి పదకొండు రోజులైంది. బాబాయి కొడుకే గానీ ఒకే పెరట్లో పెరిగాం. 34 ఏళ్ళు. రాజోలు అవతల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాడు. తెల్లారగట్ల మూడింటికి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిపోయిందని కాపలా కుర్రాడు లేపితే వెళ్ళి, తడి గట్టు మీద వైరు ముట్టుకున్నాడు. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు.

భూస్థాపన రోజు పాస్టరుగారు సామెతలు 29:1 తీశారు. "ఎన్నిసార్లు గద్దించినను లోబడనివాడు మరి తిరుగులేకుండ హఠాత్తుగా నాశనమగును." రెండేళ్ళుగా మందిరానికి రావడం మానేశాడనీ, ఆదివారం పూట మేత వెయ్యడమే ముఖ్యమైపోయిందనీ, దేవుడు ఓర్చి ఓర్చి ఇప్పుడు తీర్పు తీర్చాడనీ మైకులో చెప్పారు. ఎదురుగా పెట్టె. పెట్టె మీద చెయ్యేసుకుని మా పిన్ని.

అప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతి ఒక్కర్నీ పిన్ని ఒకటే అడుగుతోంది. "నా కొడుకుని దేవుడే చంపాడా?" నన్నూ అడిగింది. నా దగ్గర మాట లేదు. తీర్పు ఉందని నేనూ నమ్ముతాను, సండే స్కూల్లో ఆ వాక్యాలే కంఠస్థం చేశాను. అందుకే తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాలవగట్టు
నిజమో కాదో తర్వాత మాట్లాడుకుందాం. కన్నతల్లి ముందు, పెట్టె ముందు ఆ మాట అనకూడదు. చాలా తప్పు.

ఆత్రేయపురం_రేకులు
మా ఊళ్ళోనూ ఇంతే. ఎవరు పోయినా మట్టి చేసేచోటే సువార్త సభ. ఏడవనివ్వరు కూడా.

కావలివాడు33
తమ్ముడుగారి గురించి విని చాలా బాధ కలిగింది. కానీ పై ఇద్దరూ పాస్టరుగారిని తప్పు పట్టేముందు వాక్యం చూడాలి. హఠాత్తుగా వచ్చే తీర్పు బైబిల్లో లేదా? బబులోను రాజు బెల్షస్సరు విందులో కూర్చుని ఉండగానే గోడ మీద రాత కనబడింది, ఆ రాత్రే చంపబడ్డాడు. అననీయ, సప్పీరా అబద్ధమాడిన చోటే పడి చచ్చారు. అపొస్తలుల కార్యములు 12లో హేరోదు దేవుణ్ణి మహిమపరచలేదని దూత కొట్టాడు. "నెమ్మదిగా ఉంది, భయమేమీ లేదు" అనుకుంటున్నప్పుడే ఆకస్మికంగా నాశనం వస్తుందని పౌలు థెస్సలొనీకవాళ్ళకి రాశాడు. యెహెజ్కేలు 33లో కావలివాడు బాకా ఊదకపోతే జనం రక్తానికి వాడే ఉత్తరవాది. నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను.

నా సాక్ష్యం చెబుతాను. పదహారేళ్ళ క్రితం నేనూ నా స్నేహితుడూ తాగి ఏటిగట్టు మీద బండి మీద వస్తున్నాం. నడిపింది నేనే. మలుపులో బండి కాలవలోకి వెళ్ళిపోయింది. వాడు పోయాడు, నేను బతికాను. ఆసుపత్రి మంచం మీద నాకు పట్టిన భయమే నన్ను ప్రభువు దగ్గరికి తెచ్చింది. ఈ రోజుల్లో బోధకులు తియ్యటి మాటలే చెబుతున్నారు. భయం చెప్పేవాడు ఒక్కడుంటే వాణ్ణి తిడుతున్నారు.

దింపుకత్తి
కావలివాడు అన్నా, కోపం తెచ్చుకోకు. బండి నడిపింది నువ్వు, పోయింది వెనక కూర్చున్నవాడు. మరి తీర్పు ఎవరికి పడినట్టు?

కాలవగట్టు
నేనూ అదే అడుగుదామనుకున్నా.

మాస్టారు_నర్సాపురం
కావలివాడు గారు ఎత్తిన వాక్యాలన్నీ వాక్యాలే, వాటిని తీసెయ్యలేం. అయితే లంకతోట అడిగిన ప్రశ్నే యేసు ప్రభువు ముందుకి ఒకసారి వచ్చింది. లూకా 13. పిలాతు కొందరు గలిలయుల్ని బలి అర్పిస్తున్నప్పుడే చంపించాడని జనం వచ్చి చెప్పారు. ఆయన ఇంకొకటి తనే కలిపాడు, సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోవడం. ఒకటి మనిషి చేసిన ఘోరం, ఒకటి ప్రమాదం. వాళ్ళు యెరూషలేములో ఉన్నవాళ్ళందరికంటే అపరాధులనుకుంటున్నారా అని అడిగి, "కారు" అని తనే జవాబు చెప్పాడు. ఆ వెంటనే "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అన్నాడు.

చూడండి, తీర్పు లేదని ఆయన అనలేదు. చచ్చిపోయినవాళ్ళ లెక్క అడగడానికి వచ్చినవాళ్ళ చేతిలో వాళ్ళ లెక్కే పెట్టాడు. మన దగ్గరే చూద్దాం. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవైమందికి పైగా పోయారు. మంచాల మీద నిద్రపోతున్నవాళ్ళు, చంటిపిల్లలు. వాళ్ళు కోనసీమలో అందరికంటే పాపులా? అలా అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

కావలివాడు గారు చెప్పిన కార్యములు 12 మళ్ళీ మొదట్నుంచి చదవండి. హేరోదు హఠాత్తుగా చచ్చింది అధ్యాయం చివర్లో. మొదట్లో యోహాను సహోదరుడు యాకోబు కత్తికి బలయ్యాడు. ఆయన అపొస్తలుడు. అదే అధ్యాయంలో పేతురు సంకెళ్ళు ఊడి బయటికొచ్చాడు. యాకోబు తల్లి దగ్గరికెళ్ళి "ఇది తీర్పు" అన్నవాడు ఆ సంఘంలో లేడు.

ముంపులంక
నాకు కావలివాడు అన్న మాటలో సగం నిజం కనబడుతోంది. మాది లంక. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడు లక్షలకి మూడోది. 2022 జులైలో మూడోది ఎగరేశాక కూడా మా తాతయ్య మంచం దిగలేదు. "86 వరదలోనే ఈ అరుగు మునగలేదు, ఇప్పుడు మునుగుద్దా" అన్నాడు. చివరికి పడవలో ఎత్తుకొచ్చాం, గేదె మాత్రం పోయింది. హెచ్చరిక చెప్పినవాడు మనకి శత్రువు కాదు. చెప్పాలి, గట్టిగానే చెప్పాలి.

కానీ హెచ్చరిక ఎప్పుడు చెబుతారు? నీళ్ళు రాకముందు. కొట్టుకుపోయాక ఒడ్డున నిలబడి "మూడోది ఎగరేశాం కదా" అంటే అది హెచ్చరిక అవుతుందా?

ఆత్రేయపురం_రేకులు
ఈ మాట మా పాస్టరుగారికి వినిపించాలి.

అయినవిల్లి_అబ్బాయి
నేను క్రైస్తవుణ్ణి కాదు. మా పక్కింటివాళ్ళతో పాటు వాచ్‌నైట్‌కి రెండు మూడుసార్లు వచ్చాను, అంతే. ఒక సందేహం. మా ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే పెద్దవాళ్ళు "ఏ జన్మలో ఏం చేశాడో" అంటారు. ఆ పాస్టరుగారు చెప్పింది కూడా ఇంచుమించు అదే కదా? మీ మతంలో వేరే మాట ఉందా?

లూథర్‌గిరి_పూర్వవిద్యార్థి
మంచి ప్రశ్న. ఉంది. యోహాను సువార్త 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళా అని. వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు యేసు. దానికి ముందు యోబు ఉన్నాడు. పిల్లలందరూ ఒక్క గాలికి ఇల్లు కూలి పోయారు. స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉన్నారు. తర్వాత నోరు తెరిచి "నీ పిల్లలు పాపం చేసి ఉంటారు" అన్నారు. చివర్లో దేవుడు కోపపడింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. నా గురించి మీరు యుక్తమైనది పలకలేదు అన్నాడు. నాకు భూస్థాపన చెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ మాట గుర్తొచ్చి నోరు అదుపులో పెట్టుకుంటాను.

అలాగని పాపానికి ఫలితం లేదని కాదు. తాగి బండి నడిపితే పడతాం. అది వేరు. జరిగిన ప్రతి చావునీ చూసి వెనక్కి లెక్క కట్టడం వేరు.

బలుసుతిప్ప
1996 నవంబరు 6. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్న వేటలో ఉన్నాడు. ఆ రాత్రి గాలి భైరవపాలెం వైపు తీరం దాటింది. మా రేవు నుంచి వెళ్ళిన పడవల్లో తిరిగి రానివి ఎన్నో. మా నాన్న శవం కూడా దొరకలేదు, అందుకే మాకు సమాధుల పండగకి సున్నం వెయ్యడానికి ఏమీ లేదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి.

బియ్యం పంచడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన చెప్పాడు, ఈ తీరంలో పాపం పండింది, అందుకే దేవుడు గాలి పంపాడని. మా అమ్మ బియ్యం తీసుకుంది. ఆయన వెళ్ళాక నాతో అన్న మాట చెబుతాను. "మీ నాన్న టీకొట్లో బాకీ పెట్టి ఏనాడూ సముద్రం మీదకి వెళ్ళలేదు. ఎవరితోనన్నా మాట పట్టింపు ఉంటే రేవులోనే తేల్చుకుని పడవెక్కేవాడు. ఏమో, తిరిగొస్తామో లేదో అనేవాడు." మా నాన్నకి చదువు రాదు, ఎత్తబడుట (ప్రభువు వచ్చి తనవాళ్ళని ఆకాశంలోకి తీసుకుపోవడం), వెయ్యేళ్ళ పాలన లాంటి రాకడ బోధలేవీ తెలీవు. సిద్ధపాటు అంటే నాకు ఆ టీకొట్టు బాకీయే గుర్తొస్తుంది.

కాలవగట్టు
🙏

నైట్‌డ్యూటీ_సిస్టర్
కాకినాడలో క్యాజువాలిటీ నర్సుని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. స్పృహలో ఉన్నవాళ్ళు ఆఖరి గంటలో ఏం అడుగుతారో నేను విన్నంత మీరెవరూ విని ఉండరు. "మా అన్నయ్యకి ఫోన్ చెయ్యండి." "దాన్ని ఒక్కసారి పిలవండి." ఎవరో ఒక మనిషి పేరు. ఆ మనిషి వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

పదిమంది కన్యకల ఉపమానం మా సంఘంలో ఎప్పుడూ "నిద్రపోవద్దు" అనే చెబుతారు. మత్తయి 25 చదవండి. పెండ్లికుమారుడు ఆలస్యం చేసేసరికి పదిమందీ కునికి నిద్రపోయారు. బుద్ధిగలవాళ్ళూ పడుకున్నారు. తేడా సిద్దెలో, అంటే దీపానికి తెచ్చుకున్న నూనె పాత్రలో, నూనె ఒక్కటే. అర్ధరాత్రి కేక వినబడ్డాక పక్కవాళ్ళని అడిగితే దొరకలేదు. మనిషి నిద్రపోతాడు, అలసిపోతాడు, ఒక్కోసారి రెండేళ్ళు గుడికి కూడా వెళ్ళడు. లోపల నూనె ఉందో లేదో పైనుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది? లంకతోట తమ్ముడి సిద్దె ఎత్తి చూసింది ఎవరు?

ఎడారిలో_గోదారమ్మాయి
కువైట్‌లో ఇంటిపని చేస్తాను, ఇప్పుడు రాత్రి ఒంటిగంట. మీ మాటలన్నీ చదువుతూ కూర్చున్నాను. భయం గురించి నా మాట ఒకటి. ఎనిమిదేళ్ళప్పుడు మా ఊరి గుడారం సభల్లో ఎత్తబడుట గురించి విన్నాను. పొలంలో ఇద్దరుంటారు, ఒకరు కొనిపోబడతారు, ఒకరు విడిచిపెట్టబడతారు అని. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద అన్నం ఉంది, అమ్మ లేదు, నానమ్మ లేదు, పక్కింటి మామ్మ కూడా లేదు. అందరూ ఎత్తబడ్డారు, నన్నొక్కదాన్నే వదిలేశారు అనుకుని వీధిలో పడి ఏడ్చాను. వాళ్ళంతా దాళ్వా నాట్లకి వెళ్ళారు.

ఆత్రేయపురం_రేకులు
అమ్మో, నాక్కూడా జరిగింది ఇది! నేనైతే పాస్టరుగారింటికి పరిగెత్తాను, ఆయన ఉన్నారో లేదో చూద్దామని. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఎంత ధైర్యం వచ్చిందో.

ముంపులంక
😀 మా తరం పిల్లలందరికీ ఒక్కసారైనా జరిగి ఉంటుంది.

ఎడారిలో_గోదారమ్మాయి
ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను దేవుణ్ణి ప్రేమించలేకపోయాను. దొంగలా వస్తాడు అంటే దొంగే అనుకున్నాను. ఇక్కడికొచ్చాక, తలుపేసుకుని ఒంటరిగా ప్రార్థన చేసుకున్నప్పుడు అర్థమైంది, వచ్చేది మావాడే అని.

మాస్టారు_నర్సాపురం
అమ్మాయీ, 1 థెస్సలొనీకయులకు 5:4 చదువుకో. "ఆ దినము దొంగవలె మీమీదికి వచ్చుటకు మీరు చీకటిలో ఉన్నవారుకారు." చీకట్లో ఉన్నవాడికే దొంగ.

ఎత్తబడుట బోధ మా బ్రదరెన్ సంఘాల వాళ్ళ ద్వారానే ఈ డెల్టాలో ఎక్కువగా పాకింది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన బౌడెన్, బీర్ దొరలు నర్సాపురం, పాలకొల్లుల్లో కాపురం పెట్టి సంఘాలు కట్టారు. రేపు వస్తాడు అన్నట్టు బతికారు, ఆ ఆశతోనే ఎండలో, జ్వరాల్లో నిలబడ్డారు. మా తాతల కాలంలో అది ఆశగానే ఉండేది. చిన్నపిల్లలు వీధిలో పడి ఏడ్చేలా దాన్ని మార్చింది మనమే.

లూథర్‌గిరి_పూర్వవిద్యార్థి
మాస్టారూ, రహస్య రాకడ, బహిరంగ రాకడ అని రెండు ఉన్నాయనడం మా లూథరన్లకి ఒప్పుదల కాదు. ప్రభువు ఒక్కసారే వస్తాడు, అందరూ చూస్తారు. మీకూ నాకూ దీని మీద వేరే చర్చ నడుస్తూనే ఉంది, ఇక్కడ పొడిగించను.

మాస్టారు_నర్సాపురం
ఒప్పుకోను గానీ, ఇక్కడ వద్దులెండి. మత్తయి 24లో "మెలకువగా నుండుడి" అన్నాక ప్రభువు చెప్పిన ఉదాహరణ ఇద్దరికీ ఒకటే. యజమాని వచ్చేసరికి ఇంటివాళ్ళకి వేళకి అన్నం పెడుతూ కనబడ్డ దాసుడు ధన్యుడు. ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డవాడని అనలేదు.

దింపుకత్తి
మాస్టారు లూకా 13 చెప్పి మధ్యలో ఆపేశారు. దాని కిందే అంజూరపు చెట్టు ఉంది. అది మా పని కాబట్టి నాకు తెలుసు. మూడేళ్ళు వచ్చి చూశాడు, కాయ లేదు. కొట్టెయ్యమన్నాడు. తోటమాలి ఏమన్నాడు? "నేను దానిచుట్టు త్రవ్వి, ఎరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము."

కాపు తగ్గిన కొబ్బరిచెట్టుని ఆసామి కొట్టించేద్దామంటే ఈ మాట నేనే ఎన్నోసార్లు అన్నాను. పాదు తవ్వి, గెత్తం వేసి, ఉప్పు చల్లి, ఒక్క ఏడాది చూద్దామండి అని. ఈ ఏడాది వేసిన ఎరువు కాపులో కనబడాలంటే ఆ పైయేడు దాకా ఆగాలి. పైనుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. మందిరానికి రాని కుర్రాడి దగ్గరికి ఆ రెండేళ్ళలో ఎవరు వెళ్ళారు? ఎవరు తవ్వారు, ఎవరు ఎరువు వేశారు? ఎరువు వెయ్యనివాడికి గొడ్డలి గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

కాలవగట్టు
అన్నా, ఇంతకంటే ఎవరూ చెప్పలేరు.

కావలివాడు33
దింపుకత్తి అన్నా, నువ్వు అడిగిన ప్రశ్నకి నిన్న జవాబు రాయలేదు. రాయలేకపోయాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. తీర్పు నా స్నేహితుడి మీద పడిందని నేను ఎప్పుడూ నోటితో అనలేదు, కానీ సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళకి అలాగే అర్థమయ్యేలా చెప్పాను. పదహారేళ్ళు వాడి చావుని ఊరూరా చెప్పుకున్నాను. వాళ్ళమ్మగారు ముమ్మిడివరంలో ఉంటారు. ఒక్కసారి కూడా ఆవిడ గడప తొక్కలేదు. నడిపింది నేనే అని ఆవిడతో చెప్పలేదు. పోలీసులకి చెప్పిన మాట వేరు.

యెహెజ్కేలు 33 మళ్ళీ చదివాను. 11వ వచనం ఇన్నాళ్ళూ దాటేసి వెళ్ళినట్టున్నాను. దుర్మార్గుడు చావడం వల్ల నాకు సంతోషం లేదు, వాడు మరలి బతకడం వల్లే సంతోషం అంటున్నాడు దేవుడు.

ఒక్కటి మాత్రం మార్చుకోను. బతికున్నవాళ్ళకి తీర్పు గురించి చెప్పాలి. నాకు ఎవరూ భయం చెప్పకపోయి ఉంటే ఇంకా తాగుతూనే ఉండేవాణ్ణి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెప్పండి తమ్ముడూ, వద్దని ఎవరూ అనడంలేదు. ముందు ముమ్మిడివరం వెళ్ళండి.

కావలివాడు33
వెళ్తాను అక్కా. ఏం మాట్లాడాలో తెలీడంలేదు.

బలుసుతిప్ప
మాట్లాడక్కర్లేదు అన్నా. మా నాన్న ఆఖరి రోజు ఎలా ఉన్నాడో చెప్పేవాడు ఒక్కడు దొరికితే చాలని మా అమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తోంది. ఆ అబ్బాయి ఆఖరి మాటలు విన్నది మీరే కదా. అవి చెప్పండి.

అయినవిల్లి_అబ్బాయి
మీ మతం కాకపోయినా మొత్తం చదివాను. మా పెదనాన్నతో నాకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఈ ఆదివారం వెళ్తున్నాను.

లంకతోట
మీరంతా ఇంత రాస్తారనుకోలేదు. నేను మొదట్లో చెప్పని సంగతి ఒకటుంది. తమ్ముడికీ నాకూ గట్టు తగాదా. వాడి చెరువు ఉప్పునీరు నా వరిచేలోకి ఊరుతోందని నేను గొడవపడ్డాను. పద్నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. పాస్టరుగారు తీర్పు అన్నప్పుడు నాకంత కోపం ఎందుకొచ్చిందో మీ మాటలు చదువుతుంటే అర్థమైంది. ఆ రెండేళ్ళూ వాడి దగ్గరికి ఎవరు వెళ్ళారని దింపుకత్తి అన్న అడిగాడు. పక్క గట్టు మీద ఉండి నేనే వెళ్ళలేదు.

నిన్న సాయంత్రం పిన్ని దగ్గర కూర్చుని లూకా 13 చదివాను. "కారు" అన్న చోట ఆపి, మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. అప్పుడే కాపలా కుర్రాడు వచ్చాడు, ఆ రోజు తర్వాత మొహం చూపించలేక ఇప్పటిదాకా రాలేదట. పదిహేడేళ్ళు ఉంటాయేమో. వాడు చెప్పాడు, ఆ రాత్రి తనే వైరు చూడ్డానికి దిగబోతుంటే "ఆగరా, గట్టు తడిగా ఉంది, నువ్వు దిగకు" అని తమ్ముడు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి తను దిగాడని. చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. పిన్ని ఏమీ అనలేదు. లేచి వెళ్ళి వాడికి అన్నం పెట్టింది. ఇన్ని రోజుల్లో పొయ్యి దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి.

ఆదరణ కూడిక ఈ శనివారం సాయంత్రం. పాస్టరుగారి దగ్గరికి నేనూ మా నాన్నా వెళ్ళి మాట్లాడాం. ముందు బాధపడ్డారు, తర్వాత సరేనన్నారు. మైకు పెట్టొద్దని పిన్ని కోరింది.

లూథర్‌గిరి_పూర్వవిద్యార్థి
నేను వస్తాను. వాక్యం చెప్పడానికి కాదు, వెనక కూర్చుంటాను.

దింపుకత్తి
మా ముగ్గురం వస్తాం.

కావలివాడు33
శుక్రవారం ముమ్మిడివరం వెళ్తున్నాను. ఆవిడ రమ్మంటే ఆ రాత్రి అక్కడే ఉంటాను. శనివారం మీ దగ్గరికి రావచ్చా? నేనెవరో పిన్నిగారికి చెప్పొద్దు.

లంకతోట
రా అన్నా. పంటు ఆరింటికి ఆగిపోతుంది, అందరూ ముందే దాటండి. రేవు దగ్గర మా నాన్న ఉంటాడు.

కాలవగట్టు
నేను నాలుగింటికల్లా వచ్చేస్తా. కుర్చీలు మా ఇంటి నుంచి తెస్తాను, అద్దెకి చెప్పకు.